కోరింగ మడ అడవి: తీరప్రాంత జీవులను గమనించే పద్ధతి

పరిచయం

భిలాయి ఉక్కు నగరంలో ఉండే తెలుగు కుటుంబాల పిల్లలకు మైత్రీబాగ్ బాగా తెలుసు. భారత, సోవియట్ దేశాల స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పడిన ఆ తోటలో జంతు ప్రదర్శనశాల కూడా ఉంది. అక్కడి తెల్ల పులులను చూడడానికి చాలామంది వస్తారు. టికెట్టు కొని లోపలికి వెళితే ఏ జంతువు ఏ ఆవరణలో ఉందో బోర్డు చెబుతుంది. ఉదయం వెళ్లినా, సాయంత్రం వెళ్లినా జంతువు అక్కడే ఉంటుంది.

అభయారణ్యంలో అలా కాదు. అక్కడ జంతువు ఎక్కడ ఉండాలో మనిషి నిర్ణయించడు. అది మనకు కనబడవచ్చు, కనబడకపోవచ్చు. అందుకే అభయారణ్యానికి వెళ్లి వచ్చిన కొందరు "అక్కడేముంది, చెట్లూ బురదా తప్ప" అంటారు. మరికొందరు అదే చోట, అదే రోజున యాభై రకాల జీవులను చూసి వస్తారు. ఎప్పుడు వెళ్లాలో, ఎక్కడ చూడాలో, ఎంత దూరంలో ఆగాలో తెలియడమే ఈ తేడాకు కారణం. ఈ మూడింటినీ ఈ పాఠంలో నేర్చుకుందాం. ఇందుకు ఉదాహరణగా కాకినాడ దగ్గరున్న కోరింగ అభయారణ్యాన్ని తీసుకుందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• అభయారణ్యానికి, జంతు ప్రదర్శనశాలకు గల తేడా చెప్పగలుగుతారు.
• మడచెట్లు ఉప్పునీటిలో ఎలా బతుకుతాయో వివరించగలుగుతారు.
• ఆటుపోట్లను బట్టి గమనించే సమయాన్ని లెక్కకట్టగలుగుతారు.
• కంటికి కనబడని జంతువును దాని గుర్తుల ద్వారా తెలుసుకోగలుగుతారు.
• జీవులకు ఇబ్బంది కలిగించకుండా చూసి, చూసినదాన్ని రాసుకోగలుగుతారు.

1. కోరింగ ఎక్కడ ఉంది?

గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల్లో గౌతమి ఒకటి. గౌతమి నుంచి విడిపడిన కోరింగ, గాడేరు అనే చిన్న పాయలు కాకినాడ అఖాతంలోకి ప్రవహిస్తాయి. నదుల తీపి నీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే ఈ బురద నేలలో పెరిగినదే కోరింగ మడ అడవి. 1978లో ప్రభుత్వం దీన్ని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. దీని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అడవికి తూర్పున, సముద్రానికీ అఖాతానికీ మధ్య, హోప్ ఐలాండ్ అనే పొడవైన ఇసుక దీవి ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు మేటవేయడం వల్ల గత రెండు శతాబ్దాలలో ఈ దీవి పెరుగుతూ వచ్చింది.

అభయారణ్యానికి పేరిచ్చిన కోరంగి గ్రామం ఒకప్పుడు పెద్ద ఓడరేవు. ఇక్కడి నుంచి ఎందరో తెలుగువారు బర్మాకు పనుల కోసం ఓడల్లో వెళ్లారు. అందుకే బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచేవారు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను, దానితో వచ్చిన ఉప్పెన ఈ రేవును నాశనం చేశాయి.

భిలాయి నుంచి వెళ్లేవారు రైలులో రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, విజయనగరం మీదుగా విశాఖపట్నం చేరుకోవచ్చు. అక్కడి నుంచి సామర్లకోట, కాకినాడ వెళ్లాలి. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్ల లోపే కోరంగి వస్తుంది. పండుగలకో, పెళ్లిళ్లకో శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్లే కుటుంబాలు మరో రెండు రోజులు కలుపుకొంటే ఈ ప్రయాణం వీలవుతుంది.

2. ఉప్పునీటిలో చెట్టు ఎలా బతుకుతుంది?

మీ పెరటి మొక్కకు ఉప్పునీరు పోస్తే ఏమవుతుంది? వాడిపోతుంది. మడచెట్టు మాత్రం రోజుకు రెండుసార్లు ఉప్పునీటిలో మునిగినా పచ్చగా ఉంటుంది. దానికున్న ప్రత్యేక ఏర్పాట్లు మూడు.

మొదటిది, ఉప్పును వదిలించుకోవడం. తెల్ల మడ, నల్ల మడ చెట్ల ఆకుల్లో ఉప్పును బయటికి పంపే గ్రంథులు ఉన్నాయి. ఎండ బాగా కాసిన రోజున ఆకును దగ్గరగా చూస్తే దాని మీద ఉప్పు రేణువులు మెరుస్తూ కనబడతాయి.

రెండవది, గాలి పీల్చడం. బురదలో గాలి ఆడదు. కాబట్టి మడచెట్టు వేళ్ల నుంచి పెన్సిళ్లలాంటి కొమ్ములు బురదను చీల్చుకొని పైకి వస్తాయి. ఇవి శ్వాసవేళ్లు. ఉప్పుపొన్న చెట్టుకు కాండం నుంచి గొడుగు ఊచల్లా ఊతవేళ్లు దిగుతాయి. అవి మెత్తని నేలలో చెట్టును పడిపోకుండా నిలబెడతాయి.

మూడవది, మొక్కను మోయడం. ఉప్పుపొన్న గింజ నేల మీద పడి మొలకెత్తదు. చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. మునగకాయలా పొడవుగా పెరిగిన మొలక రాలి, బురదలో నాటుకొని వేళ్లు వేస్తుంది. నీటిలో పడితే తేలుతూ వెళ్లి మరోచోట పాతుకుంటుంది.

ఈ అడవిలో తిల్ల అనే చెట్టు కూడా ఉంది. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. అందువల్ల తెలియని కొమ్మలను విరవకూడదు. అభయారణ్యంలో ఆకు తెంపడం చట్టరీత్యా కూడా తప్పే.

మడచెట్ల ఆకులు రాలి బురదలో కుళ్లుతాయి. వాటిని పీతలు, నత్తలు, సూక్ష్మజీవులు తింటాయి. వాటిని చేపలు, రొయ్యలు తింటాయి. వేళ్ల సందుల్లో పెద్ద చేపల భయం లేకుండా రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి. అవి పెద్దవై సముద్రంలోకి వెళితే మత్స్యకారుల వలలో పడతాయి. కాకినాడ తీరంలో ఒక కుటుంబం తినే అన్నానికీ, ఈ బురదలో రాలిన ఆకుకూ ఇంత దగ్గరి సంబంధం ఉంది. అంతేగాక ఈ చెట్లు అలల ఉధృతిని తగ్గించి, తీరం కోసుకుపోకుండా కాపాడతాయి.

3. ఎప్పుడు వెళ్లాలి? ఆటుపోట్ల లెక్క

సముద్రపు నీరు తీరం మీదికి పొంగడాన్ని పోటు అని, వెనక్కి తీయడాన్ని ఆటు అని అంటారు. చంద్రుడు, సూర్యుడు భూమిని ఆకర్షించడం వల్ల ఇవి ఏర్పడతాయి. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. నిండు పోటుకూ పూర్తి ఆటుకూ మధ్య సుమారు ఆరు గంటలు పడుతుంది. ప్రతి రోజూ ఇవి ముందురోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ రోజు ఉదయం 8 గంటలకు నిండు పోటు వచ్చిందనుకోండి. మధ్యాహ్నం 2 గంటలు దాటాక నీరు పూర్తిగా తీస్తుంది. రేపు నిండు పోటు సుమారు 8 గంటల 50 నిమిషాలకు వస్తుంది. ఎల్లుండి సుమారు 9 గంటల 40 నిమిషాలకు వస్తుంది.

ఇంటి గోడ మీది తెలుగు క్యాలెండరు కూడా ఇక్కడ పనికివస్తుంది. పౌర్ణమి, అమావాస్యల సమయంలో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేస్తుంది. కాబట్టి పోటు ఎక్కువగా పొంగుతుంది, ఆటు ఎక్కువగా తీస్తుంది. అష్టమి సమయంలో ఈ తేడా తక్కువ. పౌర్ణమికో అమావాస్యకో దగ్గరగా వెళితే ఆటు వేళ బురద మైదానం ఎక్కువ మేర బయటపడుతుంది. సరైన గంట మాత్రం తిథిని బట్టి ఊహించకండి. అక్కడి పడవ సరంగులను, అటవీశాఖ సిబ్బందిని అడిగి తెలుసుకోండి.

బురద బయటపడితే మనకేమిటి లాభం అంటారా? నీటి పక్షులకు అది భోజన సమయం. బురదలోని పురుగులు, చిన్న పీతలు, గుల్లలు వాటికి అందేది నీరు తీసిన కొద్ది గంటలే. పోటు రాగానే భోజనం ముగుస్తుంది. కాబట్టి నీరు తీయడం మొదలైన దగ్గర నుంచి మళ్లీ పొంగడం మొదలయ్యే వరకు గమనించడానికి మంచి సమయం. అయితే పడవ తిరగడానికి నీరు కావాలి. అందువల్ల పోటు ఉన్నప్పుడు పడవ ప్రయాణం, ఆటు వేళ చెక్క వంతెన మీద నడక పెట్టుకోవడం మంచిది. కోరంగి దగ్గర మడచెట్ల మధ్యగా ఇలాంటి నడక వంతెన ఉంది.

ఏడాదిలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వలస పక్షులు ఎక్కువగా ఉంటాయి. కాని అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం కూడా. 1996 నవంబరులో కోనసీమను ముంచిన తుఫాను ఈ ప్రాంతంలో చాలామంది ప్రాణాలు తీసింది. బయలుదేరే ముందు వాతావరణ హెచ్చరికలు తప్పక తెలుసుకోండి.

పాఠగత ప్రశ్నలు – 1
1. శ్వాసవేళ్లు ఎందుకు పైకి వస్తాయి?
2. ఈ రోజు ఉదయం 10 గంటలకు పూర్తి ఆటు అయితే, మూడు రోజుల తరువాత అదే ఆటు సుమారు ఎన్ని గంటలకు వస్తుంది?

4. ఎక్కడ చూడాలి?

చాలామంది అడవిలోకి రాగానే దూరంగా, పైకి చూస్తారు. మీరు ముందు మీ కాళ్ల కిందికి చూడండి.

బురద మీద: చెక్క వంతెన కింద చిన్న చిన్న కన్నాలు కనబడతాయి. మీరు నడుస్తుంటే అక్కడ ఏమీ ఉండదు. మీ అడుగుల అదురుకే పీతలు కన్నాల్లోకి వెళ్లిపోతాయి. కదలకుండా అయిదు నిమిషాలు నిలబడండి. ఒక్కొక్కటే బయటికి వస్తాయి. వాటిలో ఒక రకం మగ పీతకు ఒక డెక్క చాలా పెద్దది, రెండోది చిన్నది. పెద్ద డెక్కను అది పైకీ కిందికీ ఊపుతూ ఉంటుంది. ఆడ పీతను పిలవడానికీ, సాటి మగ పీతను బెదిరించడానికీ అది చేసే సైగ ఇది. పక్కనే వేలెడంత చేప ఒకటి నీటి బయట బురద మీద గెంతుతూ కనబడవచ్చు. దాని కళ్లు నెత్తిమీద ఉంటాయి. చర్మం తడిగా ఉన్నంతవరకు అది గాలి నుంచి కూడా ప్రాణవాయువును తీసుకోగలదు.

నీటి అంచున: కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, ఉల్లంకి పిట్టలు ఇక్కడ ఉంటాయి. ఈ అభయారణ్యంలో 120కి పైగా రకాల పక్షులను గుర్తించారు. అన్నిటి పేర్లూ మీకు తెలియనక్కరలేదు. ముక్కును చూడండి. పొడవైన ముక్కు పక్షి బురదలో లోతుగా గుచ్చుతుంది. పొట్టి ముక్కు పక్షి పైపైన ఏరుకుంటుంది. అందువల్లనే ఎన్నో రకాల పక్షులు ఒకే చోట తగవులాడకుండా తినగలుగుతున్నాయి. వీటిలో కొన్ని సైబీరియా వంటి ఉత్తర ప్రాంతాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వస్తాయి.

కంటికి కనబడనివి: బావురు పిల్లి కోరింగలో ముఖ్యమైన జంతువు. ఇది ఇంటి పిల్లికి దాదాపు రెండింతలు ఉంటుంది. పొట్టి తోక, బూడిదరంగు ఒంటిమీద నల్లని మచ్చలు దీని గుర్తులు. నీటిలోకి దిగి చేపలు పడుతుంది. వేళ్ల మధ్య కొంతవరకు చర్మం ఉండడం దీనికి సాయపడుతుంది. ఇది ఎక్కువగా రాత్రివేళ తిరుగుతుంది కాబట్టి పగలు వెళ్లిన మీకు కనబడకపోవచ్చు. అయినా అది అక్కడ ఉందని తెలుసుకోవచ్చు. తడి బురదలో గోళ్ల గుర్తులతో పాదముద్రలు, చేప పొలుసులు కలిసిన పెంట దాని ఆనవాళ్లు. నీటికుక్కలు గుంపులుగా ఉంటాయి. గట్టు మీద ఒకే చోట చేప ముళ్లతో నిండిన పెంట, జారిన గుర్తులు ఉంటే అవి వచ్చిపోయాయని అర్థం.

ఇసుక మీద: ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్లు హోప్ ఐలాండ్ ఇసుకలోనూ, మన తీరంలోని ఇతర చోట్ల కూడా గుడ్లు పెడతాయి. జనవరి నుంచి మార్చి వరకు ఈ కాలం. తల్లి తాబేలు రాత్రి ఒడ్డుకు వచ్చి, గొయ్యి తవ్వి, వంద వరకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి ఎక్కువగా పుడతాయి. పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి. చీకటి తీరంలో సముద్రం వైపే ఎక్కువ వెలుగు ఉంటుంది. ఒడ్డున దీపం వెలిగితే అవి దారితప్పి ఊరివైపు వెళ్లి చనిపోతాయి.

5. ఎంత దూరంలో ఆగాలి?

ఒక లెక్క వేద్దాం. పక్షికి భోజనానికి దొరికేది ఆటు వేళ కొద్ది గంటలు. మీరు ఫొటో కోసం దగ్గరకు వెళ్లారు, గుంపు ఎగిరిపోయింది. మళ్లీ వాలి తినడం మొదలుపెట్టడానికి పావుగంట పట్టిందనుకోండి. ఆ రోజు అలా పది పడవలు వస్తే రెండున్నర గంటల భోజనం పోయినట్లే. ఎగరడానికి ఖర్చయిన శక్తి అదనం. వేల కిలోమీటర్లు తిరిగి ఎగరవలసిన పక్షికి ఇది చిన్న నష్టం కాదు. మనం ఒక్కసారే దగ్గరకు వెళ్లామనుకుంటాం. పక్షికి మాత్రం వచ్చిన ప్రతి పడవా ఒక బెదురే.

మీరు సరైన దూరంలో ఉన్నారో లేదో పక్షే చెబుతుంది. అది తింటూ ఉంటే దూరం సరిపోయింది. తల ఎత్తి మిమ్మల్నే చూస్తుంటే ఆగండి. అడుగులు వేసి జరుగుతుంటే వెనక్కి తగ్గండి. ఎగిరిందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరకు వచ్చారు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అభయారణ్యంలో జంతువులను బాధించడం, గుడ్లు, మొక్కలు తీసుకుపోవడం ఈ చట్టం ప్రకారం నేరం. బావురు పిల్లి, ఆలివ్ రిడ్లే తాబేలు ఈ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. ఈ కింది నియమాలు గుర్తుంచుకోండి.
• అటవీశాఖ అనుమతించిన దారిలోనే, అనుమతించిన వేళల్లోనే తిరగండి.
• గట్టిగా మాట్లాడకండి. రేడియో, పాటలు పెట్టకండి.
• జంతువులకు తిండి వేయకండి. ప్లాస్టిక్ సంచులు, సీసాలు మీతోనే తిరిగి తెచ్చుకోండి.
• తాబేలు గూడు ఉన్న ఇసుక మీద నడవకండి. బ్యాటరీ లైటు, ఫ్లాష్ వాడకండి.
• దారి తెలిసిన స్థానిక మత్స్యకారుల మాట వినండి.

చివరి నియమం ముఖ్యమైనది. ఈ అడవి చుట్టూ ఉన్న ఊళ్లవారు చేపల మీద, పీతల మీద ఆధారపడి బతుకుతున్నారు. వలలో చిక్కిన తాబేలు గాలి పీల్చడానికి పైకి రాలేక చనిపోతుంది. తాబేలు తప్పించుకొనే కిటికీ ఉన్న వలలు వాడమని మత్స్యకారులను కోరుతున్నారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలు పడవ కదలకపోతే ఆ ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమవుతుంది. కాబట్టి అడవిని కాపాడే భారం వారొక్కరిదే అనుకోవడం న్యాయం కాదు. పాడైన మడ నేలల్లో కాలువలు తవ్వి, పోటు నీరు పారేలా చేసి, తిరిగి మొక్కలు నాటిన పనిలో ఈ ఊళ్లవారి చేతులు ఉన్నాయి.

మన దేశంలో ఇతర చోట్ల కూడా ఇలాంటి రక్షిత ప్రాంతాలు ఉన్నాయి. గుజరాత్‌లోని కచ్ సింధుశాఖలో 1982లో మన మొదటి సముద్ర జాతీయ పార్కు ఏర్పడింది. వేల తాబేళ్లు కలిసి గుడ్లు పెట్టే ఒడిశాలోని గహిర్‌మఠను 1997లో సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. అన్నిచోట్లా గమనించే పద్ధతి ఒక్కటే.

6. చూసినదాన్ని రాసుకోవడం

ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర ఉంచుకోండి. తేదీ, తిథి, గంట, ఆటా పోటా, చోటు, చూసినది, అది చేస్తున్న పని – ఇవి రాయండి. పేరు తెలియకపోతే రూపం రాయండి. ఉదాహరణకు:

"మధ్యాహ్నం 2 గంటలు. నీరు తీసింది. వంతెన కింద బురద. పిచ్చుక కంటే పెద్ద పక్షులు ఆరు. గోధుమరంగు వీపు, తెల్లని పొట్ట, పొడవైన ముక్కు. బురదలో గుచ్చుతూ నడుస్తున్నాయి."

ఇందులో ఊహ లేదు. "పక్షులు సంతోషంగా ఉన్నాయి" అని రాస్తే అది మీ ఊహ. చూసినదాన్నీ, అనుకున్నదాన్నీ వేరువేరుగా రాయడం అలవాటు చేసుకోండి.

కృత్యం

కోరింగ వెళ్లే వరకు ఆగనక్కరలేదు. భిలాయిలో మరోడా చెరువు గట్టునో, మీకు దగ్గరలోని మరో చెరువు దగ్గరో ఒక ఉదయం అరగంట కదలకుండా కూర్చోండి. మొదటి పది నిమిషాల్లో చూసినవి ఒక పేజీలో, చివరి పది నిమిషాల్లో చూసినవి మరో పేజీలో రాయండి. రెండు పేజీలనూ పోల్చి చూడండి. ఏ పేజీలో ఎక్కువ ఉన్నాయి? ఎందుకు?

పాఠగత ప్రశ్నలు – 2
1. బావురు పిల్లి కనబడకపోయినా అది అక్కడ ఉందని ఎలా తెలుసుకుంటారు?
2. తీరంలో దీపాలు తాబేలు పిల్లలకు ఎందుకు ప్రమాదం?
3. పక్షి తినడం మాని మిమ్మల్నే చూస్తుంటే మీరేం చేయాలి?

సారాంశం

అభయారణ్యంలో జంతువు మన కోసం ఎదురుచూడదు. దాని భోజన సమయాన్ని ఆటుపోట్లు నిర్ణయిస్తాయి. ఆ సమయం తెలుసుకొని, తగిన దూరంలో కదలకుండా ఆగితే మనకు చాలా కనబడతాయి. కనబడనివాటిని గుర్తుల ద్వారా తెలుసుకోవచ్చు. మడ అడవి చేపలకు, రొయ్యలకు పుట్టిల్లు, తీరానికి రక్షణ. మనం వచ్చి వెళ్లిన తరువాత కూడా పక్షులు అక్కడే తింటూ ఉంటే మన సందర్శన సరిగా జరిగినట్లు.

జవాబులు సరిచూసుకోండి

పాఠగత ప్రశ్నలు – 1: (1) బురదలో గాలి ఆడదు కాబట్టి గాలి పీల్చుకోవడానికి. (2) రోజుకు 50 నిమిషాల చొప్పున 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు ఆలస్యంగా, సుమారు మధ్యాహ్నం 12 గంటల 30 నిమిషాలకు.

పాఠగత ప్రశ్నలు – 2: (1) పాదముద్రలు, చేప పొలుసులున్న పెంట చూసి. (2) అవి వెలుతురు వైపు నడుస్తాయి కాబట్టి సముద్రం వైపు కాక ఊరివైపు వెళతాయి. (3) అక్కడే ఆగాలి. అది జరగడం మొదలుపెడితే వెనక్కి తగ్గాలి.